శిక్ష - శిక్షణము

'శిక్ష' యను మాటకు నేడు మన భాషలో దండనమను అర్థమే రూఢమై యున్నది. గుజరాతీ భాషయందును అంతే. అచ్చట శిక్ష యనగా దండనము, శిక్షణమనగా విద్య. కాని ఆరు వేదాంగములలో నొకటియైన శిక్ష దండనము కాదు. అది ఉచ్చారణమును నేర్పు శాస్త్రము. తైత్తిరీయోపనిషత్తులోని మొదటి వల్లికి శీక్షావల్లి యని పేరు. ఈ మాట 'శక్' ధాతువునుండి పుట్టినదనియు, 'శక్తుడు కావలెనను కోరిక' దాని మూలార్థమనియు భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నేర్వగోరు వాని కోరికకు పేరైన శబ్దము, నేర్వలేని వాని వీపుపై బడు దెబ్బకు పేరెట్లయ్యెను?

ఇది కేవలము నిఘంటువునకు సంబంధించిన ప్రశ్న కాదు. ప్రతి బడిలోను ఇది ప్రత్యక్షముగ ఎదురగుచునే యున్నది. తరగతిలో నలుబదిమంది పిల్లలున్నచో వారిలో ఒకరిద్దరు తక్కినవారివలె కూర్చుండలేరు, వినలేరు, వ్రాయలేరు. కొందరికి బుద్ధివికాసము మందముగ జరుగును. కొందరికి ఆటిజమను స్థితి కలదు; వారు లోకమును గ్రహించు తీరును, లోకముతో వ్యవహరించు తీరును వేరు. కొందరికి మనస్సు ఒకచోట నిలువదు. కొందరు తెలివిగలవారే యయ్యును అక్షరములను పట్టుకొనలేరు. 2016వ సంవత్సరమున మన పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొని, ఆటిజమును, చదువుటలో వ్రాయుటలో గలుగు ప్రత్యేక లోపములను గూడ వానిలో చేర్చినది.

ఇట్టి బాలునియెడ ఉపాధ్యాయుని ధర్మమేమి? మెప్పు, బహుమానము, దినచర్యలో మార్పు మొదలగు ఉపాయములచేత వాని నడవడిని దిద్దుట న్యాయమా? అది వాని స్వాతంత్ర్యమును హరించుట కాదా? ఫలాపేక్ష వలదని బోధించు సంప్రదాయమున బుట్టిన మనము పసివానికి ఫలమును జూపి పని చేయించుట యుక్తమా? ఈ ప్రశ్నలను ఒక ప్రత్యేక స్థలమును దృష్టియందుంచుకొని విచారింతము. ఆ స్థలము తెలుగుసీమకు దూరమైనను తెలుగువారికి దూరము కాదు.

తపతీనదీ తీరమున నున్న సూరతు నగరము వస్త్రపరిశ్రమకు ప్రసిద్ధి కెక్కినది. తెలంగాణ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబములు వేలకొలదిగ అచ్చటికి వలసపోయి, లింబాయత్, ఉధనా మున్నగు పేటలలో స్థిరపడినవి. మరమగ్గములపై పండ్రెండేసి గంటల షిఫ్టులు చేయువారు వారిలో ననేకులు. ఆ నగరపు ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమమున గూడ బడులు నడుపుచున్నది. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, బోర్డులపై గుజరాతీ - ఇట్లు మూడు భాషలనడుమ పెరుగు బాలుడు ఆ నగరమున సామాన్యముగ కనబడును. కావున అచ్చటి ఉపాధ్యాయుడు మొట్టమొదట జాగ్రత్త వహింపవలసిన విషయమొకటి కలదు. భాష తెలియక మౌనము వహించిన బాలుని మందమతియని యెంచరాదు. నిజముగ లోపమున్న బాలుని భాష తెలియనివాడని చెప్పి విడువనురాదు. రెండును పొరపాట్లే, రెండింటివలనను నష్టపడువాడు బాలుడే.

అట్టి తరగతిలో నొక బాలుని ఊహింతము. వానికి ఎనిమిదేండ్లు. తల్లిదండ్రులు ఇరువురును మగ్గములకడ నుందురు. ఆటలో వాడు అందరివంటివాడే. కాని వ్రాతపని ఆరంభము కాగానే పలకను విసరివేయును, ప్రక్కవానిని గిల్లును, ఒక్కొక్కప్పుడు కేకలు వేయును. ఉపాధ్యాయుడు మందలించును, వినకున్న బయట నిలుచుండుమనును. మరునాడును అంతే, ఆ మరునాడును అంతే. 'ఎన్ని పర్యాయములు శిక్షించినను వీనికి బుద్ధి రాదు' అని ఆయన విసుగుకొనును. పరికించి చూచినచో బుద్ధి రాకపోవుట కాదు, వానికి వచ్చిన బుద్ధియే అది. వ్రాత వానికి దుస్సహము. పలకను విసరినచో వ్రాతనుండి తప్పించుకొని చల్లగ బయట నిలువవచ్చునని వాడు నేర్చుకొన్నాడు. ఉపాధ్యాయుడు శిక్ష యనుకొన్నది వానికి బహుమానమైనది. తాను నేర్పదలచని పాఠమును ఉపాధ్యాయుడు దినదినము నేర్పుచునే యున్నాడు.

ప్రవర్తనమును గూర్చిన ఆధునిక శాస్త్రమునకు ఈ గ్రహింపు ఆయువుపట్టు. నడవడి అర్థరహితము కాదు. దానివలన బాలునకు ఏదో ఒకటి సిద్ధించుచుండును. ఒకడు ఇతరుల దృష్టిని ఆకర్షింపగోరును; ఒకడు కష్టమైన పనిని తప్పించుకొనగోరును; ఒకడు తనకు ప్రియమైన వస్తువును పొందగోరును; ఇంకొకడు చెవులు మూసికొనుటచేతనో, శరీరము నూపుకొనుటచేతనో ఇంద్రియములకు ఊరట గోరును. మాట రానివానికి, మాట వచ్చినను తన బాధను మాటలో పెట్టలేనివానికి నడవడియే భాష. 1985వ సంవత్సరమున ఎడ్వర్డు కార్, మార్కు డురాండ్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు కొందరు పిల్లలతో ఈ విషయమును పరీక్షించి చూచిరి. పని కష్టమైనప్పుడు సాయము కోరుటకును, పెద్దల దృష్టి కావలసినప్పుడు దానిని అడుగుటకును తగిన చిన్న మాటలను నేర్పగా, అంతవరకు అదే కోరికను దెలుపుచుండిన అల్లరి తగ్గిపోయెను. అల్లరిని అణచుట కాదు. అది చెప్పజూచిన దానిని చెప్పుటకు మరియొక మార్గమును చూపుటయే చికిత్స యైనది.

కావున ఉపాధ్యాయుడు చేయదగిన మొదటి పని దండించుటయు కాదు, బుజ్జగించుటయు కాదు, చూచుట. ఒక కాగితముపై మూడు వరుసలు గీసి, అల్లరికి ముందేమి జరిగినది, బాలుడేమి చేసినాడు, తరువాత ఏమి జరిగినది అని పది పండ్రెండు దినములు వ్రాసికొనవలెను. కోపము లేకుండ వ్రాయవలెను. 'మొండివాడు' అని వ్రాసినచో అది తీర్పగును. 'మూడవ పంక్తి వ్రాయుమనగానే పలకను విసరెను' అని వ్రాసినచో అది సత్యమగును. ఈ భేదమును పాటించుట వినుటకు సులభము, ఆచరించుటకు కష్టము.

కారణము కొంత తెలిసిన పిమ్మట ఉపాయము తోచును. మన శాస్త్రకారులు ఇట్టి ఉపాయములను ఎరుగనివారు కారు. అరుంధతీ నక్షత్రము సూక్ష్మమైనది. ఒక్కమారుగ చూపినచో కనబడదు. కావున మొదట దాని ప్రక్కనున్న పెద్ద నక్షత్రమును చూపి, క్రమముగ చూపును అరుంధతిపైకి తెత్తురు. దీనికే అరుంధతీ దర్శన న్యాయమని పేరు. పది పంక్తులు వ్రాయలేని బాలునకు ఒక పంక్తి, పంక్తి వ్రాయలేనివానికి ఒక అక్షరము, అక్షరము వ్రాయలేనివానికి చుక్కలపై దిద్దుబాటు - ఇట్లు పనిని మెట్లుగ విడదీయుట ఆ న్యాయమే. ఆ దినమున ఏ పని తరువాత ఏ పని రానున్నదో బొమ్మలతో గోడపై చూపినచో, మార్పునకు భయపడు బాలుడు ముందుగనే సిద్ధపడును. 'నాకు కొంచెము విరామము కావలెను' అని చెప్పుటకు ఒక రంగు అట్టముక్కను వాని చేతికిచ్చి, దానిని ఎత్తి చూపిన ప్రతిసారియు రెండు నిముషములు విడిచిపెట్టినచో, పలకను విసరవలసిన పని వానికి తప్పును. చేసిన మంచిపనిని వెంటనే, ఆ పనినే పేర్కొని మెచ్చవలెను. 'మంచివాడవు' అనుటకంటె 'ఈ పంక్తి చివరిదాక వ్రాసినావు' అనుట మేలు. మొదటి మాటలో పొగడ్త కలదు, రెండవ మాటలో మార్గము కలదు.

ఓర్పు చాల అవసరము. అల్లరికి ఇంతకుముందు దొరకుచుండిన ఫలము ఆగిపోయినప్పుడు అది మొదట తగ్గుటకు మారుగ హెచ్చవచ్చును. అప్పుడు ఉపాధ్యాయుడు ధైర్యము కోల్పోయి పాతదారి పట్టినచో, ఇంకను గట్టిగ అరచిన ఫలము దొరకునని బాలుడు నేర్చును.

ఇంతవరకు చెప్పినదానిని పరిశీలింపుడు. బాలుని నడవడిని దిద్దవలెనని బయలుదేరితిమి. కాని మొదట మారవలసిన నడవడి ఎవరిది? ఉపాధ్యాయునిదే. కోపమును నిలుపుకొని చూచుట, తీర్పు చెప్పక వ్రాయుట, తప్పును వెదకు కన్నులతో ఒప్పును వెదకుట, హెచ్చిన అల్లరికి చలింపకుండుట - ఇవన్నియు బాలునికి విధించినవి కావు. 1968వ సంవత్సరమున మాడ్సెన్, బెకర్, థామస్ అను పరిశోధకులు అమెరికాలోని ప్రాథమిక తరగతులలో ఈ విషయమును పరీక్షించిరి. నియమములను చెప్పినంతమాత్రమున పిల్లల నడవడిలో మార్పు స్వల్పమే. సామాన్యమైన అల్లరిని పట్టించుకొనక, మంచి నడవడిని గుర్తించి మెచ్చుకొన్నప్పుడే తరగతి చక్కబడెను. పాఠ్యపుస్తకము మారలేదు, పిల్లలు మారలేదు. ఉపాధ్యాయుని కన్ను ఎచ్చట నిలుచునో అది మారెను. శమదమములను గూర్చి మనము గ్రంథములలో చదువుచుందుము. వానిని అభ్యసించుటకు ఇంతకంటె తగిన స్థలము ఏ గుహయందును దొరకదు.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. బహుమానమును చూపి చదివించుట లంచము కాదా? ఈ ఆక్షేపణము తేలికయైనది కాదు. గుజరాతు దేశముననే బాలవిద్యకు జీవితమును అర్పించిన గిజూభాయి బధేకా (1885-1939) పిల్లల చదువునుండి భయమును, ఆశను గూడ తొలగింపగోరెను. ఆయన రచించిన 'దివాస్వప్న' యను గ్రంథమున ఒక ఉపాధ్యాయుడు మొదటి దినముననే పిల్లలచేత నిశ్శబ్దమును పాటింపజేయబోయి పరాజితుడగును. పిమ్మట కథలు చెప్పి వారిని గెలుచును. ఆయనకు మార్గదర్శిని యైన మేరియా మాంటిసోరి రోమునగరమున బుద్ధిమాంద్యముగల పిల్లలతోనే తన కృషి నారంభించినది. ఆమెయు బహుమానములను, దండనములను రెండింటిని త్రోసిపుచ్చెను. ఇది కేవలము ఆదర్శము కాదు. 1973వ సంవత్సరమున లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను శాస్త్రజ్ఞులు బొమ్మలు గీయుటయం దిష్టముగల పసిపిల్లలను తీసికొని, కొందరికి బొమ్మ గీసినచో ప్రశంసాపత్రమిత్తుమని ముందుగ చెప్పి ఇచ్చిరి. కొన్నినాళ్ల తరువాత చూడగా ఆ పిల్లలు తక్కినవారికంటె తక్కువగ బొమ్మలు గీయుచుండిరి. చెప్పకుండ అదే పత్రమును పొందినవారియందు ఇట్టి తగ్గుదల లేదు. ఆనందముకొరకు చేయు పనికి కూలి కట్టినచో ఆనందము పోయి కూలి మిగిలెను.

అయితే ఆ ప్రయోగములోని పిల్లలకు బొమ్మలపై ప్రీతి ముందే కలదు. మన బాలునకు వ్రాతపై ప్రీతి లేదు, భీతి కలదు. రుచి ఎరుగనివానికి రుచి చూపుట వేరు, రుచి ఎరిగినవానికి కూలి ఇచ్చుట వేరు. చేదుమందు మింగని శిశువు నాలుకపై తల్లి కొంచెము బెల్లము రాచును. గుడజిహ్వికా న్యాయమని మన శాస్త్రకారులు చెప్పునది ఇదియే. కర్మలయందు ప్రవర్తింపజేయుటకు ఫలశ్రుతి చెప్పుటను వారు ఇట్లే సమర్థించిరి. బెల్లము మందు కాదు. కాని బెల్లము లేక మందు లోపలికి పోదు. మందు పనిచేసి ఆకలి పుట్టిన పిమ్మట బెల్లమునకై ఎవరును ఏడ్వరు. నిష్కామకర్మ శిఖరము, శిఖరముననే మొదటి మెట్టును కట్టుమనుట అధికారిభేదమును మరచుట యగును. మనము పెద్దలమై యుండియు జీతమునకును, కీర్తికిని పనిచేయుచు, ఎనిమిదేండ్ల బాలుని ఒక్కనినే నిష్కాముడవు గమ్మనుట హాస్యాస్పదము.

కాని బెల్లము క్రమముగ తగ్గవలెను. మొదట అక్షరమునకొక చుక్క, పిమ్మట పంక్తికొకటి, పిమ్మట పుటకొకటి. చుక్కతోపాటు ఎల్లప్పుడు మెప్పుమాట, మెప్పుమాటతోపాటు 'నేను చేయగలిగితిని' అను బాలుని స్వానుభవము. చివరకు ఆ స్వానుభవమే మిగులవలెను. నడక నేర్చు శిశువునకు మూడుచక్రముల నడకబండి నిత్తుము. శిశువు నడచిన పిదప గూడ బండిని విడువనీయని తల్లి ఉన్నచో ఆమె నడక నేర్పుచున్నట్లు కాదు.

మూడవ ఆక్షేపణము ఇంకను గంభీరమైనది. ఇది బాలుని యంత్రముగ నెంచి మీటలు నొక్కుట కాదా? చరిత్ర ఈ భయమును సమర్థించుచున్నది. 1960వ దశకమున అమెరికాలో ఆటిజముగల పిల్లల నడవడిని మార్చుటకు విద్యుదాఘాతములను గూడ ప్రయోగించిరి. ఆటిజము గలిగి పెరిగి పెద్దవారైనవారు పలువురు నేడు నోరు విప్పి, 'ఇతరులవలె కనబడునట్లు చేయుటకై మమ్ము హింసించిరి' అని చెప్పుచున్నారు. వారి మాటను త్రోసివేయుటకు మనకు హక్కు లేదు. కావున ప్రతి ఉపాయమును మూడు ప్రశ్నలచేత పరీక్షింపవలెను. ఇది ఎవరి మేలునకు - బాలుని మేలునకా, మన నెమ్మదికా? దీనిని బాలునకు అర్థమగునట్లు బాహాటముగ చెప్పి చేయగలమా, లేక దాచి చేయవలసి యున్నదా? ఇది వాని శక్తిని పెంచునా, మనపై ఆధారపడుటను పెంచునా? చెవులు మూసికొని ఊగుచు పాఠము వినుచున్న బాలునివలన ఎవరికిని కీడు లేదు. ఆ ఊగుటను మాన్పింపగోరినచో మనము దిద్దుచున్నది వాని లోపమును కాదు, మన అసహనమును కప్పిపుచ్చుకొనుచున్నాము.

'ఒక్కనికి అట్టముక్క, చుక్కలు, విరామము, తక్కినవారికి లేవు. ఇది పక్షపాతము కాదా?' అని తక్కిన పిల్లల తల్లిదండ్రులు అడుగవచ్చును. అందరికి ఒకే కొలత చొక్కా కుట్టుట సమత కాదని నేతగాండ్ర పేటలో ఎవరికిని వేరుగ చెప్పనక్కరలేదు. చట్టమును ఇట్లే చెప్పుచున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో దేహదండనమును, మానసిక హింసను గూడ నిషేధించినది. 2016 నాటి చట్టము ప్రతి విద్యార్థికి వాని అవసరమునకు తగిన సౌకర్యమును కల్పింపవలెనని శాసించినది. బుద్ధివైకల్యముగల వారికొరకు సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ ఇట్టి బోధనమున నిపుణులను తరిఫీదు చేయుచున్నది. అయినను చట్టము తరగతిగదిలోనికి వచ్చి ఒక బాలుని చేయి పట్టుకొనదు. నలుబదిమందితో సతమతమగు ఉపాధ్యాయుడు అన్నియు చేయలేడు. అతడు ఒక బాలుని, ఆ బాలుని ఒక నడవడిని ఎన్నుకొని ఒక నెల కృషిచేసిన చాలును.

తల్లిదండ్రులను గూర్చి ఒక మాట. ఇట్టి బిడ్డ పుట్టిన ఇంట 'పూర్వజన్మకర్మ' యను మాట తరచుగ వినబడును. చెప్పువారు ఓదార్పు అనుకొందురు. వినుతల్లికి అది తీర్పువలె తగులును. కర్మసిద్ధాంతము తన జీవితమును దిద్దుకొనుటకు ఏర్పడినదే కాని ఎదుటివాని బిడ్డను తూచుటకు ఏర్పడినది కాదు. ఒకని కష్టమును వాని కర్మయని చూచి ప్రక్కకు తొలగువాడు, ఆ కష్టమును చూచి తాను చేయవలసిన కర్మను మరచుచున్నాడు. షిఫ్టు ముగించుకొని అలసి వచ్చిన ఆ తల్లిని ఉపాధ్యాయుడు పిలిచి, 'నీ కొడుకు నేడు ఇట్లు అల్లరి చేసెను' అని మాత్రమే చెప్పినచో, ఆమెకు తెలిసినదే మరల చెప్పినట్లగును. 'నేడు రెండు పంక్తులు వ్రాసినాడమ్మా' అని గూడ చెప్పినచో ఆ రాత్రి ఆ ఇంట దెబ్బ ఒకటి తగ్గును.

పంచతంత్ర కథను స్మరింపుడు. అమరశక్తి యను రాజునకు ముగ్గురు కొడుకులు. మువ్వురును చదువునకు విముఖులు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని పండితులు చెప్పిరి. వృద్ధుడైన విష్ణుశర్మ ఆరు నెలలు గడువు గోరి, అగ్రహారములు వలదని, వారికి కథలు చెప్పెను. ఆయన రాజకుమారులు చదువునకు తగినవారు కారని తలపలేదు. తాము నేర్పిన తీరు వారికి తగినది కాదని తలచెను. ఆ గ్రంథము నేటికిని నిలిచియున్నది. మందమతులని త్రోసివేయబడిన ముగ్గురు విద్యార్థులకొరకు అల్లిన కథలని చెప్పబడునవి లోకమునకంతకు పాఠ్యపుస్తకమైనవి.

మన బాలుడు పలకను విసరబోయి, ఒకనాడు ఆగి, అట్టముక్కను ఎత్తి చూపును. ఉపాధ్యాయుడు బోర్డుపై వ్రాయుచు దానిని చూడకపోవచ్చును. చూడవలెను. ఆ క్షణమున వ్రాత ఆపి, 'సరే, రెండు నిముషములు' అని తల యూపినచో, తాను చెప్పిన మాటను ఒకరు వినిరని ఆ బాలుడు మొదటిమారుగ తెలిసికొనును. శక్తుడు కావలెనను కోరిక వానియందు ఎన్నడును లేకపోలేదు. ఆ కోరికకు బదులు చెప్పుటయే శిక్షణము. పండ్రెండు దినములు మూడు వరుసలలో కోపము లేకుండ వ్రాసిన కాగితము ఒకటి మన బల్లపై నున్నదా యని ప్రతి ఉపాధ్యాయుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.